పాత ఇంటి నీటి గొట్టములు – పరీక్ష, మరమ్మతు, అతుకు

గోడకు సున్నము రాలినచో మనము వెంటనే గమనింతుము. తలుపు రెక్క క్రుంగినచో వడ్రంగిని పిలుతుము. గోడలోను నేలలోను దాగియున్న నీటి గొట్టమును మాత్రము, తడి మచ్చ కనబడు వరకు, తలచువారు అరుదు. మచ్చ కనబడిన నాడు పనివాడు వచ్చి ఆ చోట త్రవ్వి, ఒక ముక్క మార్చి, సిమెంటు పూసి పోవును. కొన్ని నెలలకు రెండడుగుల అవతల మరియొక మచ్చ తేలును. మరల త్రవ్వకము, మరల సిమెంటు. ఇట్లు కొన్ని యేండ్లు గడచిన పిమ్మట లెక్క చూచుకొన్నచో, క్రొత్త గొట్టములు వేయుటకు పట్టు ధనము పాత గొట్టముల అతుకులకే వ్యయమై యుండును.

దీనికి కారణమొక్కటే. పాత గొట్టములో ఒక చోట నీరు కారుట రోగము కాదు, రోగలక్షణము. అదే కాలమున, అదే నీటితో, అదే విధముగా చెడిన గొట్టము మిగిలిన గోడ యంతటను ఉన్నది. కావున పానా చేతబట్టుటకు ముందు గొట్టము స్వభావమును, అది చెడు తీరును తెలిసికొనవలెను. ఈ వ్యాసమున మేము ఆ సంగతులను వరుసగా వివరింప దలచితిమి. రసాయన శాస్త్రమున లోహముల క్రియాశీలతను, భౌతిక శాస్త్రమున ద్రవముల ప్రవాహమును చదువు విద్యార్థులకు ఆ పాఠములు తమ ఇంటి గోడలోనే కానవచ్చును. భవనముల బాధ్యత వహించు కమిటీ పెద్దలకును ఇందు కొంత ఉపయోగము ఉండునని మా ఆశ.

గొట్టము స్వభావము

బజారులో జి.ఐ. పైపు అని పిలువబడునది నిజమునకు మెత్తని ఉక్కు గొట్టము. దానిని ఆమ్లముతో శుభ్రపరచి, సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరగియున్న తుత్తునాగములో ముంచి తీయుదురు. లోపలను వెలుపలను తుత్తునాగపు పూత అంటుకొనును. ఈ పద్ధతికి 1837లో ఫ్రాన్సు దేశమున స్టానిస్లాస్ సొరెల్ అను రసాయనవేత్త పేటెంటు పొందెను. ఇటలీ శాస్త్రజ్ఞుడు లూయీజీ గాల్వానీ (1737–1798) పేరు మీదుగా దీనికి గాల్వనైజింగ్ అను పేరు వచ్చినది.

తుత్తునాగము ఇనుముకంటె క్రియాశీలత ఎక్కువ గల లోహము. ఈ రెండును తడిలో కలిసి యున్నప్పుడు ముందుగా తుత్తునాగమే కరగును, ఇనుము నిలుచును. పూతపై చిన్న గీత పడినను చుట్టునున్న తుత్తునాగము ఆ గీతను కాపాడును. అయితే ఈ రక్షణ శాశ్వతము కాదు. తుత్తునాగము కరగినంత కాలమే ఇనుము భద్రముగా నుండును. పూత ముగిసిన నాటినుండి తుప్పు ఆరంభమగును. మంచి నీరు, పొడి గోడ ఉన్నచో గొట్టము అనేక దశాబ్దములు నిలుచును. నీటిలో లవణములు హెచ్చుగా నున్నను, గోడ ఎల్లప్పుడు తడిసి యున్నను దాని ఆయుర్దాయము చాల తగ్గును.

కొనువారు ఒక గుర్తును తెలిసికొనవలెను. మన దేశపు ప్రమాణముల ప్రకారము పసుపు పట్టె గలది తేలిక రకము, నీలి పట్టె గలది మధ్యమము, ఎర్ర పట్టె గలది బరువైనది. మరియొక సంగతి. అర అంగుళము పైపు అనగా వెలుపలి కొలత అర అంగుళము కాదు. దాని వెలుపలి వ్యాసము సుమారు 21 మిల్లీమీటర్లు. స్కేలుతో వెలుపల కొలిచి, ముక్కాలంగుళము పైపు అనుకొని సరుకు తెచ్చువారు అంగడికి రెండవసారి పోవలసి వచ్చును.

హైదరాబాదున 1908 నాటి మూసీ వరదల పిమ్మట ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియై నగరమునకు నీటి ఆధారములైనవి. నల్లా నీరు ఇంటింటికి వచ్చిన కొలది ఇనుప గొట్టములును గోడలలోనికి ప్రవేశించినవి. ప్లాస్టిక్ గొట్టములు వ్యాపించు వరకు కట్టిన ఇండ్లలో, పాఠశాలలలో, వసతి గృహములలో నేటికిని ఇవి విరివిగా కానవచ్చుచున్నవి. ఈ పనిలో వాడు మాటలును ఆ కాలపు జ్ఞాపకములే. నల్లా, పానా, సఫేదా, హౌజు, చివరకు మరమ్మతు అను మాటయు మన తెలుగు పనివారి నోట ఉర్దూ నుండియే స్థిరపడినవి.

ఎక్కడెక్కడ చెడును?

మొదటిది మరలున్న చోటు. అర అంగుళము మధ్యమ రకపు గొట్టము గోడ మందము సుమారు 2.6 మిల్లీమీటర్లు. దానిపై మర తీయునప్పుడు అందులో 1.1 మిల్లీమీటరుకు పైగా లోతు కోతకు పోవును. తుత్తునాగపు పూతయు ఆ చోట తొలగిపోవును. కావున గొట్టమంతటిలో పలుచనైనది, రక్షణ లేనిది మరయే. తొలి కారుడు సాధారణముగా అతుకువద్దనే కనబడుటకు ఇదియే హేతువు.

రెండవది గొట్టపు లోపలి భాగము. తుప్పు తిన్నగా పరచుకొనక బుడిపెలుగా పెరుగును. నీటిలోని సున్నము వానిపై పేరుకొనును. దారి ఇరుకగును. లోపలి వ్యాసము సగమైనచో నీరు సగమగునని కొందరు తలతురు. అది సరి కాదు. అదే ఒత్తిడిలో ప్రవాహము దాదాపు ఆరింట ఒక వంతునకు పడిపోవును. నల్లాలో ధార సన్నగిలినప్పుడు మోటారును, టాంకును నిందించుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను.

మూడవది వేరు లోహములు కలియు చోటు. ఇత్తడి వాల్వు, రాగి గొట్టము జి.ఐ. గొట్టమునకు నేరుగా తగిలినచో తుత్తునాగము మరింత వేగముగా కరగును. నీరు పోవు దారిలో రాగి ముందును, జి.ఐ. వెనుకను ఉండుట మరింత చెరుపు. రాగి కణములు నీటితో కొట్టుకొని వచ్చి తుత్తునాగముపై చేరి గుంటలు చేయును. వేడి నీటి గొట్టములలో సుమారు 60 డిగ్రీలు దాటినచో తుత్తునాగము ఇనుమును కాపాడు గుణమే తారుమారు కావచ్చును. గీజరు నుండి వచ్చు గొట్టము చల్లని నీటి గొట్టము కంటె ముందుగా చెడుట అందువలననే.

నాలుగవది వెలుపలి తడి. స్నానపు గది నేల, మరుగుదొడ్డి గోడ, ఉప్పు పట్టిన ఇటుక, వాన నీరు దిగు పునాది – ఇట్టి చోట్ల గొట్టము వెలుపలి నుండియే తినివేయబడును.

మరమ్మతుకు ముందు పరీక్ష

ఖర్చు లేని నాలుగు పరీక్షలు కలవు. ఒకటి, ఉదయమున మొదట వచ్చు నీటిని తెల్లని పాత్రలో పట్టి చూడవలెను. ఎర్రగా వచ్చి ఒకటి రెండు నిమిషములలో తేరుకొన్నచో తుప్పు మన ఇంటి గొట్టములోనిదే కావచ్చును. వీధి యంతటను ఎర్రగా వచ్చుచున్నచో కారణము వెలుపల నున్నది. రెండు, ఒకే బకెట్టును టాంకుకు దగ్గరి నల్లావద్దను, దూరపు నల్లావద్దను నింపి కాలము లెక్కింపవలెను. భేదము మిక్కుటముగా నున్నచో నడిమి గొట్టము పూడియున్నదని అనుమానింపవలెను. మూడు, రాత్రి నల్లాలన్నియు కట్టి, టాంకులోనికి నీరు రాకుండ ఆపి, నీటి మట్టమువద్ద గీత గీచి, తెల్లవారి చూడవలెను. మట్టము తగ్గినచో నీరు ఎక్కడనో కారుచున్నది. నాలుగు, పైకి కనబడు అతుకులను చేతితో తడిమి చూడవలెను. ఎర్రని చార, తెల్లని పొడి, చల్లని తడి ఉన్న చోట గుర్తు పెట్టవలెను.

చిన్న కారుడును అలక్ష్యము చేయరాదు. సెకనుకు ఒక బొట్టు చొప్పున దినమునకు 86,400 బొట్లు. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరను లెక్కన ఇది దినమునకు నాలుగు లీటర్లకు పైగా నగును, ఏడాదికి దాదాపు 1,577 లీటర్లు.

నీటి నష్టము కంటె గొప్ప ప్రమాదము మరియొకటి కలదు. మన ఊళ్లలో నీరు దినమంతయు రాదు. సరఫరా ఆగినప్పుడు నేలలోని గొట్టము ఖాళీయై లోపలి ఒత్తిడి పడిపోవును. అప్పుడు నీరు బయటకు కారిన రంధ్రమే ప్రక్కనున్న మురికిని లోనికి పీల్చు ద్వారమగును. మే 2009లో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషితమైన నీరు త్రాగి అనేకులు ఆస్పత్రుల పాలైరి, కొందరు ప్రాణములు కోల్పోయిరి. కావున మురికి కాలువ ప్రక్కగా పోవు గొట్టములో కారుడు కనబడినచో దానిని ఒక దినమైనను వాయిదా వేయరాదు. మొదటి నీటికి దుర్వాసన వచ్చినచో ఆ నీటిని త్రాగుట వెంటనే మానవలెను.

తాత్కాలిక చికిత్స

అర్ధరాత్రి గొట్టము పగిలినచో తెల్లవారు వరకు ఆపుటకు ఒక ఉపాయము కలదు. వాల్వు కట్టి, నీరు వంచివేసి, రంధ్రముపై పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి, దానిపై ఇనుప క్లాంపు బిగింపవలెను. చిన్న సూది రంధ్రమునకు రెండు భాగములు కలిపి పూయు ముద్ద పనికివచ్చును. అయితే గొట్టమును ఉప్పు కాగితముతో గీకి, పూర్తిగా ఆరబెట్టిన పిమ్మటనే ముద్ద పట్టును. ఇవి రెండును ప్రథమ చికిత్సలే. వీనిని గోడలోపల పెట్టి పైన సిమెంటు పూయుట తగదు.

కొందరు వెల్డింగు చేయింతురు. అది మంచిది కాదు. తుత్తునాగము 907 డిగ్రీలవద్ద మరిగి పొగయగును. ఆ పొగ పీల్చిన పనివానికి కొన్ని గంటలకు చలి జ్వరము, ఛాతీ పట్టుట కలుగును. చుట్టునున్న పూతయు కాలిపోవును. మూసిన గదిలో ఈ పని ఎన్నడును చేయింపరాదు.

విప్పుటలోని చిక్కు

అనుభవము లేనివారు తరచుగా తెలియక పోవు సంగతి ఒకటి కలదు. గొట్టపు రెండు చివరల మరలును కుడిచేతి మరలే. రెండు వైపుల ఎల్బోలలో బిగించియున్న గొట్టమును ఒక వైపు వదులగునట్లు త్రిప్పినచో రెండవ వైపు మరింత బిగియును. కావున వరుస మధ్యనున్న ముక్కను దానంతటదిగా విప్పుట సాధ్యము కాదు. ఒక చివరనుండి వరుసగా విప్పుకొని రావలెను, లేదా యూనియన్ ఉన్న చోట విడదీయవలెను. పాత ఇండ్లలో యూనియన్‌కు మారుగా ఒక ప్రక్క పొడవు మరయు, చెక్ నట్టును ఉండును. నట్టును వెనుకకు త్రిప్పి, సాకెట్టును పొడవు మరపైకి జరిపినచో గొట్టము విడివడును.

ఈ రెండును లేనిచోట గొట్టమును మధ్యలో కోయుటయే మార్గము. కోసిన రెండు ముక్కలను విప్పి, వాని స్థానమున క్రొత్త ముక్కలు రెండు, వాని నడుమ ఒక యూనియన్ పెట్టవలెను.

విప్పునప్పుడు పానాలు రెండుండవలెను. ఒకటి త్రిప్పుటకు, రెండవది ఎదుటి భాగమును కదలకుండ పట్టుటకు. ఒక్క పానాతో బలము చేసినచో ఆ బలము గోడలోని పాత మరవరకు పోయి, అచ్చట క్రొత్త కారుడు పుట్టును. బిగిసిన అతుకుపై ముందు దినము రాత్రియే కిరసనాయిలు గాని, తుప్పు వదలించు నూనె గాని పోసి నాననీయవలెను. సాకెట్టు వెనుక ఒక బరువైన సుత్తి ఆనించి, ముందు వైపు రెండవ సుత్తితో మెల్లగా చుట్టును తట్టినచో తుప్పు వదలును. అప్పటికిని రానిచో సాకెట్టును నిలువున రంపముతో కోసి తీయుట మేలు. గోడలోని గొట్టమును పోగొట్టుకొనుట కంటె ఒక సాకెట్టును పోగొట్టుకొనుట చౌక.

కోయుట, మర తీయుట, బిగించుట

గొట్టము కోయుటకు అంగుళమునకు 24 లేక 32 పండ్లు గల రంపపు బ్లేడు వాడవలెను. పెద్ద పండ్లు పలుచని గోడలో చిక్కి విరుగును. కోత నిటారుగా నుండవలెను. కోసిన పిమ్మట లోపలి అంచున మిగిలిన పొరకను గుండ్రని ఆకురాయితో తీయుట మరువరాదు. ఆ పొరకయే రేపటి తుప్పు బుడిపెకు, చెత్త ఆగుటకు మొదలు.

కొలతలో ఒక జాగ్రత్త కలదు. అర అంగుళము గొట్టపు మర ఫిట్టింగులోనికి ఒక్కొక్క ప్రక్క సుమారు అర అంగుళము పోవును. రెండు ఫిట్టింగుల నడుమ కనబడు దూరమునకు ఈ రెండు భాగములను చేర్చి కోయవలెను.

మర తీయు డైని నూనె పోయుచు, కొంత ముందుకు త్రిప్పి కొంత వెనుకకు త్రిప్పుచు నడుపవలెను. మన పైపు మరలు అర అంగుళమునకును ముక్కాలంగుళమునకును అంగుళమునకు 14 చొప్పున, ఒక అంగుళము గొట్టమునకు 11 చొప్పున నుండును. గొట్టపు మర చివరికి 16కు 1 చొప్పున సన్నగిల్లును. అందువలననే బిగించిన కొలది అతుకు గట్టిపడును.

పూర్వము మరపై సణబు నార చుట్టి సఫేదా పూయుచుండిరి. సఫేదా అనగా సీసపు సమ్మేళనము, విషము. త్రాగునీటి గొట్టమునకు దానిని వాడరాదు. ఇప్పుడు టెఫ్లాన్ టేపు అన్ని అంగళ్లలోను దొరకును. గొట్టపు చివర మనవైపు ఉండునట్లు పట్టి, గడియారపు ముల్లు తిరుగు దిశలోనే టేపును చుట్టవలెను. ఎదురు దిశలో చుట్టినచో బిగించునప్పుడు టేపు ఊడి ముద్దయగును. ముందు చేతితో బిగించి, ఆపై పానాతో త్రిప్పవలెను. ఒకటి రెండు మరలు బయట మిగులుట దోషము కాదు. ఒకసారి బిగించిన పిమ్మట తిన్నదనము కొరకు వెనుకకు త్రిప్పరాదు. త్రిప్పినచో విప్పి మరల టేపు చుట్టవలసినదే.

యూనియన్ విషయమున పలువురు పొరబడుదురు. యూనియన్‌లో నీటిని ఆపునది నడిమి నట్టు మర కాదు, ఎదురెదురుగా ఒరయు రెండు ముఖములు. ఆ ముఖములు శుభ్రముగా, గంట్లు లేకుండ ఉండవలెను. నడిమి నట్టుకు నార గాని టేపు గాని అవసరము లేదు. రెండు గొట్టములు ఒకే వరుసలో లేనిచో నట్టును ఎంత బిగించినను ముఖములు కలియవు. యూనియన్‌ను వాల్వు ప్రక్కనే, చేయి అందు చోట ఉంచవలెను. గోడలో పూడ్చినచో దాని ప్రయోజనమే నశించును.

ప్లాస్టిక్ గొట్టముతో కలుపునప్పుడు

నేడు చెడిన భాగమును సి.పి.వి.సి. గొట్టముతో మార్చుట సాధారణమైనది. వేడి నీటికి ఈ రకమే తగును, మామూలు పి.వి.సి. పనికిరాదు. ఇనుప గొట్టమును ప్లాస్టిక్ సాకెట్టులో బలముగా బిగించినచో సాకెట్టు చీలును. కావున ఇత్తడి మర గల అడాప్టరును వాడి, మితముగా బిగింపవలెను. ముందు మర అతుకు, ఆ పిమ్మట జిగురు అతుకు. జిగురు ఆరుటకు డబ్బాపై చెప్పిన కాలము వేచి యుండవలెను. ఇనుప గొట్టము బరువు ప్లాస్టిక్‌పై వ్రేలాడకుండ గోడకు క్లాంపులు వేయవలెను.

విద్యుత్ ప్రమాదము

ఇది అన్నిటికంటె ముఖ్యము. పాత ఇండ్లలో కొన్ని చోట్ల విద్యుత్ పనివారు ఎర్తు తీగను నీటి గొట్టమునకే చుట్టి వదలిరి. అది తగని పద్ధతి, అయినను ఉన్నది. గొట్టమంతయు ఇనుమైయున్నంత కాలము లోపమున్న గీజరు నుండి వచ్చు విద్యుత్తు దాని గుండా నేలలోనికి పోవుచుండెను. మనము మధ్యలో ఒక అడుగు ప్లాస్టిక్ ముక్క పెట్టితిమా, ఆ దారి తెగిపోవును. అప్పుడు స్నానపు గదిలోని నల్లాయే ప్రాణాంతకము కావచ్చును. కోయుచున్న పనివానికిని, తెగిన రెండు కొనలను రెండు చేతుల పట్టుకొన్నచో, అదే ప్రమాదము.

కావున గొట్టము కోయుటకు ముందు ఇంటి మెయిన్ స్విచ్చి తీయవలెను. గొట్టమునకు ఎక్కడనైన తీగ చుట్టియున్నదేమో వెదకవలెను. ఉన్నచో లైసెన్సుగల విద్యుత్ పనివానిచే ఇంటికి ప్రత్యేకముగా ఎర్తు గుంట ఏర్పాటు చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే కరెంటును కట్టివేయు పరికరమును అమర్చిన పిమ్మటనే ప్లాస్టిక్ ముక్కను పెట్టవలెను. ప్లంబరు పనిని, విద్యుత్ పనిని వేరు వేరుగా చూచుట వలన ఈ ప్రమాదము ఎవరి దృష్టికిని రాక మిగులుచున్నది.

ఎప్పుడు మరమ్మతు మానవలెను?

కోసిన గొట్టపు అంచును చూచినచో నిర్ణయము తేలికయగును. గోడ మందము చుట్టును సమముగా నిలిచి, దారి తెరిచి యున్నచో మరమ్మతు చేయవచ్చును. మందము సగమునకు తగ్గినచో క్రొత్త మర దానిపై నిలువదు. దారి సగము పూడినచో ఎంత అతికినను ధార పెరుగదు. ఒకే వరుసలో ఏడాదిలో మూడు చోట్ల కారినచో ఆ వరుసను పూర్తిగా మార్చుట మేలని మా సలహా. అప్పుడు పాత గొట్టమును గోడనుండి పెరుకుటకు శ్రమపడక, దానిని అట్లే వదలి, క్రొత్త గొట్టమును గోడపై కనబడునట్లు వేయుట చౌక, సుఖము. అందము కొంత తగ్గిన తగ్గుగాక, కారుడు మొదటి దినముననే కనబడును.

పని ముగిసిన పిమ్మట వాల్వును మెల్లగా తెరచి, అతుకులను పొడి కాగితముతో తుడిచి చూడవలెను. ఒక గంట తరువాత మరల చూడవలెను. ఆ మరునాటి వరకు గోడ మూయరాదు. మొదటి కొన్ని బకెట్ల నీటిని మొక్కలకు పోయవలెను, త్రాగరాదు.

విద్యార్థి సోదర సోదరీమణులకు మా విన్నపమొకటి. ఈ సెలవులలో మీ ఇంటి నీటి గొట్టముల దారిని ఒక కాగితముపై గీయుడు. వాల్వులెక్కడ ఉన్నవో, అవి తిరుగునో లేదో చూడుడు, ఇంటిలోని వారందరికి చూపుడు. గొట్టము పగిలిన రాత్రి ఆ కాగితము ఎంతో సాయపడును. కళాశాల కమిటీ వారికి మా సూచన ఇది. ప్రతి భవనమునకు ఒక చిన్న పుస్తకము ఉంచి, గొట్టము వేసిన సంవత్సరము, మరమ్మతు చేసిన చోటు, తేదీ, ఖర్చు అందు వ్రాయింపుడు. గోడ మూయుటకు ముందు ఛాయాచిత్రము తీయింపుడు. మూడేండ్లు గడచిన పిమ్మట ఆ పుస్తకము తెరచినచో ఏ వరుసను అతుకవలెనో, ఏ వరుసను మార్చవలెనో ఎవరిని అడుగకయే తెలియును.